పిలకలు లేని మోళ్లు

బావా,

నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. తొలకరి పడి పదిహేను రోజులైంది కదా అని పొద్దున్నే మన సరుగుడు తోటలోకి వెళ్లాను. సరుగుడు వెయ్యకముందు కొట్టించిన నీలగిరి చెట్ల మోళ్లలో ఒక్కటి కూడా పిలక వెయ్యలేదు. వంగి వంగి అన్నీ చూశాను.

ఏటా నువ్వు కత్తి పట్టుకుని పిలకలు నరికేవాడివి. ఒకటి నరికితే నాలుగు లేచి, సరుగుడు మొక్కలకి అందాల్సిన నీళ్లన్నీ తాగేసేవి. పక్క తోట నరసమ్మ పిన్ని మొత్తుకునేది: "నరికినకొద్దీ పుడతాది, బావూ. మోడుకి బెరడు ఒలిసి మట్టి కప్పీ!" ఆడమనిషి చెప్పిందని నువ్వు వినలేదు. నువ్వు పోయాక ఆవిడా నేనూ రెండు వేసవులు అదే పని చేశాం. చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు సరుగుడు నా తల దాటింది.

ఆస్పత్రి మంచం మీద ఆఖరిసారి నువ్వడిగింది అదే. "పిలకలు కొట్టించినావేటే?"

"కొట్టడవేటి బావా, మోళ్లే సచ్చిపోనాయి" అన్నాను. నిజానికి అప్పటికి పిలకలు నా నడుమెత్తు ఉన్నాయి. నువ్వు నమ్మి కళ్లు మూసుకున్నావు.

నీ ఫోటో ముందు దీపం పెట్టినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి తల దించుకునేదాన్ని. ఇవాళ దీపం పెట్టి నీ మొహంలోకి చూశాను.

మోళ్లు చచ్చిపోయాయి బావా.