ముగ్గురు లచ్చన్నలు, ఒక సర్వర్

2023 సెప్టెంబర్ 4, సోమవారం

ఇక్కడ గల్ఫ్‌లో మా కంపెనీలో అందరి పేర్లూ, లాగిన్లూ ఒకేచోట పెట్టే కొత్త డైరెక్టరీ సర్వర్ వచ్చింది. పేర్లు ఎక్కించే పని నాది. మా ముదీర్, అంటే మేనేజర్, రాజశేఖర్ గారు డాక్యుమెంటేషన్ ఉందిగా, చూసుకుని చేసెయ్యమన్నారు.

చూశాను. సర్‌నేమ్ తప్పనిసరి అట. లేనివాళ్ళకి "తగిన విలువ ఇవ్వండి, నాలుగో చాప్టర్ చూడండి". నాలుగుకి వెళ్తే "రెండో చాప్టర్‌లో చెప్పినట్టే". రెండులో ఏమీ చెప్పలేదు. ఇది రాసినవాణ్ణి ఇక్కడి నైఫ్ బజార్లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి, పైకి చదివించాలి.

సెప్టెంబర్ 5

అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఉండే మనవాళ్ళలో చాలామందికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ. తగిన విలువ ఏమిటో ఎవరూ చెప్పలేదు కాబట్టి అందరికీ "అన్‌నోన్" అని కొట్టి పడేశాను. తీసుకుంది. ఖలాస్! ఆఫీసులో అందరికీ కరక్ చాయ్ నా తరఫున.

సెప్టెంబర్ 6, పొద్దున

సంబరం అయిపోయింది.

సైట్లో కార్పెంటర్ లచ్చన్న వచ్చాడు. ఊళ్ళో ఆదివారం మనవరాలి తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసే వేడుక. మొదటి మనవరాలు. శుక్రవారం ఫ్లైట్. ఈ నెల నుంచి లీవ్ కొత్త లాగిన్‌తోనే పెట్టాలి, అతనికేమో లాగిన్ లేదు. రేపటిలోగా లీవ్ రాకపోతే ప్రయాణం పోయినట్టే. కాగితం మీద తీసుకోమని హెచ్ఆర్ ఉమాదేవిని బతిమాలాను. కుదరదంది.

వెతికితే తెలిసింది. మా కంపెనీలో లచ్చన్నలు ముగ్గురు. ముగ్గురూ నా పుణ్యాన లచ్చన్న అన్‌నోన్‌లే. మొదటివాడు ఎక్కాడు, మిగతా ఇద్దరినీ సర్వర్ తోసేసింది. "ఈ ఆబ్జెక్ట్ ముందే ఉంది" అని ఎర్రర్. దానికి డాక్యుమెంటేషన్‌లో వివరణ: ఆబ్జెక్ట్ ముందే ఉన్నప్పుడు ఈ ఎర్రర్ వస్తుంది. ఎంత గొప్పగా చెప్పావు నాయనా!

సెప్టెంబర్ 6, సాయంత్రం

సపోర్ట్ నుంచి జవాబు వచ్చింది. దయచేసి డాక్యుమెంటేషన్ చూడగలరు.

సెప్టెంబర్ 7, మధ్యాహ్నం

విజయవాడ నుంచి అమ్మ ఫోన్. మనసాగక లచ్చన్నల గోల చెప్పాను. తెలుగువాళ్ళ పేరు ఎవరిది చెప్పినా అమ్మ అడిగేది ఒకటే. ఎందుకు అడుగుతుందో నాకు తెలుసు, అందుకే ఒళ్ళు మండుతుంది. ఇవాళా అడిగింది.

"ఇంతకీ ఇంటిపేరేమిటే వాళ్ళది?"

దెబ్బలాడదామని నోరు తెరిచినదాన్ని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంది కదా, లేనివాళ్ళకీ ఇంట్లో ఉంటుందని నాకు తట్టనే లేదు. అమ్మ ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాను. రాత్రికి తిట్లు ఖాయం.

లచ్చన్న అల్ ఖూజ్‌లోని మా ఆఫీసులోనే, రిసెప్షన్ దగ్గర దిగులుగా కూర్చున్నాడు. వెళ్ళి అడిగాను. నా వంక జాలిగా చూశాడు.

"మాది చింతకింది, మేడం. పాస్‌పోర్టుల రాయకపోతే లేనట్టేనా?"

మిగతా ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరిది బొల్లి, ఒకరిది నల్ల. ముగ్గురూ ఎక్కారు! లచ్చన్న నా కుర్చీలోనే కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ లీవ్ పెట్టాడు. రాజశేఖర్ గారు అప్పటికప్పుడే ఓకే చేశారు. లచ్చన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ.

సెప్టెంబర్ 10

తొట్టెల ఫోటో వచ్చింది. పాప హాయిగా నిద్రపోతోంది. లచ్చన్న నోరంతా నవ్వే.

సర్‌నేమ్ లేకపోతే ఏం చేయాలో, లచ్చన్నని అడిగి ఆయన పేరే ఉదాహరణగా పెట్టి, ఒక పేజీ రాసి సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపాను. కాస్త ఘాటుగానే రాశాను.

2024 జనవరి 22

కొత్త డాక్యుమెంటేషన్ వచ్చింది. నాలుగో చాప్టర్లో నా పేజీ ఉన్నదున్నట్టు దించేశారు. ఉదాహరణ: చింతకింది లచ్చన్న.

మిగతా ఇద్దరు లచ్చన్నలూ నాతో మాట్లాడటం లేదు.