రాణి పిల్లల కళ్ళు

ఏమండీ, అక్కడ మీ ఆయాసం తగ్గిందా? అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మామయ్యగారికి నిద్ర పడుతోందా?

మీరు పోయి ఏడాదైంది. మన కుక్క రాజుకి చీకటి పడితే చూపు ఆనడం లేదు. దిష్టేమోనని ఉప్పూ మిరపకాయలూ తిప్పేశాను. గవర్నర్‌పేట పశువుల డాక్టరు లైటు వేసి చూసి, “దిష్టి కాదు మామ్మగారూ, తల్లి నుంచి వచ్చిన జబ్బు. మందు లేదండీ. ఈ వంశంలో ఇక పిల్లలు పుట్టనివ్వకండి” అన్నాడు.

వాడి తల్లి రాణి కాలవలో పడినప్పుడు “కళ్ళు నెత్తికెక్కాయా” అని తిట్టారు మీరు. పాపం, దానికి కనబడలేదండీ.

మీ చెల్లెలికిచ్చిన రాణి కూతురు ఇప్పుడు చూలుతో ఉంది. “మొదటి కూన నీకే వదినా, అన్నయ్య గుర్తుగా పెంచుకో” అని మీ చెల్లెలు ఉత్తరం రాసింది. కార్డు మీద డాక్టరు మాట చెప్పలేక, ఆదివారం పొద్దున్న హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళింటికి వస్తున్నానని మాత్రం రాశాను.