బొమ్మ అయ్యేదాకా ఆగే చెట్టు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. "అందరం క్షేమం" అని రాయడం మనింట్లో అలవాటు గానీ, ఈ గదిలో నేనూ కారే కుళాయీ తప్ప ఇంకెవరూ లేము. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. వేళకు తింటున్నాను. చిక్కలేదు. నువ్వు కుట్టి పంపిన జాకెట్టు చంకల దగ్గర బిగుతు, తప్పు నీ కొలతలదే. "మాట్లాడడానికి ఎవరైనా దొరికారా" అన్నావు చూడు, దానికే కొంచెం పెద్ద జవాబు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. ఈ నగరంలో పేరున్న చెట్టు దేన్నైనా కొట్టెయ్యాలంటే ముందు దాని బొమ్మ గీయించి పురపాలక భవనం గోడకు తగిలించాలి. ఏనాటి నియమమో. ఫోటో పనికిరాదట, బస్సులూ తీగలూ పడతాయని. అందుకని నేను స్టూలు వేసుకుని కూర్చున్నానంటే ఆ చెట్టుకు నూకలు చెల్లినట్టేనని అందరికీ తెలిసిపోయింది. పళ్ల దుకాణం ఆవిడ నన్ను చూడగానే మొహం తిప్పుకుంటుంది. ఒకాయన గేటు ముందున్న చెట్టు వైపు ఊరికే చూసిన పాపానికి కుక్కను వదిలాడు. నవ్వకు, నిజంగానే పరిగెత్తాను.

ఇప్పుడు కోర్టు ఎదుటి నిద్రగన్నేరు వంతు. దాన్ని పాతకాలం చిత్రకారులు ఎంతమంది వేశారో, మ్యూజియంలో ఒక గది గదంతా అదే. ఒకదాంట్లో కింద గుర్రబ్బళ్లు, ఇంకోదాంట్లో వానలో గొడుగులు. ఏ బొమ్మలో చూసినా దాని కింద జనమే. ఇప్పుడు లోపల బోలుపడితే తాళ్లు కట్టి నిలబెట్టారు. ఆ నీడలో చెప్పులు కుట్టుకునే ముసలాయన మొదటిరోజు నాతో పలకలేదు. మర్నాడు తనే నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బొమ్మ అయ్యేదాకా కొట్టరంట కదమ్మా?"

"కొట్టరు."

"అయితే కాస్త నిదానంగా వెయ్యమ్మా. అన్ని ఆకులున్నాయి, ఒక్కోటే వేసుకో."

అప్పట్నుంచి నత్తనడకన వేస్తున్నాను. ఆఫీసులో పైఅధికారి గుర్రుగా ఉన్నాడు. ఈ ఊళ్లో నాతో మాట్లాడే మనిషి ఆ ముసలాయనొక్కడే, అదీ బొమ్మ పూర్తయ్యేదాకానే.

ఇక నువ్వు పదేపదే అడుగుతున్న సంగతి. నీ దవడ ఆపరేషన్ అయ్యాక మొహం ఒక పక్కకు లాగేస్తుందని డాక్టరు చెప్పాడని, ఈలోగా ఇప్పుడున్న మొహం గీసి పంపమని రాశావు. "ఫోటోల్లో దొంగమొహంలా పడతాను, నువ్వైతే తిన్నగా వేస్తావు" అన్నావు. పని ఒత్తిడి అని తప్పించుకుంటూ వచ్చాను. అది అబద్ధం. నేను గీసిన చెట్టేదీ మిగల్లేదక్కా. నిన్ను గీయడానికి చెయ్యి రాలేదు.

అది సగం కారణమే. పోయిన ఆదివారం ధైర్యం చేసి కూర్చున్నాను. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. బుగ్గల దగ్గర ఆగిపోయాను. నువ్వు నవ్వితే సొట్ట పడేది కుడి బుగ్గకో ఎడమ బుగ్గకో గుర్తు రాలేదు. సాయంత్రం దాకా కూర్చున్నా రాలేదు. ఈ ఊళ్లో ఏ చెట్టుకు ఏ పక్కన బుడిపె ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. అమ్మ పోయాక నాకు జడలు వేసి బడికి పంపిన దానివి, నీ మొహం మర్చిపోయాను. ఎవరితో చెప్పుకోను? చాలా ఏడ్చాను.

అందుకని సెలవు పెట్టాను. నిద్రగన్నేరు సగంలోనే ఉంది. ముసలాయనతో చెబితే "తొందరేం లేదు, నింపాదిగా ఉండి రా" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందే వచ్చేస్తాను. బొమ్మ వేస్తానని మాత్రం మాటివ్వను. నువ్వు కుట్టుమెషిన్ ముందు కూర్చుని నీ పని చేసుకో, నన్ను తిట్టు, నవ్వు. నేను ఎదురుగా కూర్చుని చూస్తాను. కట్లు విప్పే రోజూ అక్కడే ఉంటాను. ఆ మొహాన్ని కూడా మొదట్నుంచీ నేర్చుకోవాలి కదా.

ఇట్లు,
నిన్ను చూడక మొహం వాచిన
నీ చెల్లెలు