ఎర్తింగు వేయించాక

5 ఫిబ్రవరి 2024, సోమవారం
బట్టలు రెండు బకెట్లు. కందులు ఎండబెట్టాను. ఫ్రిజ్ కడిగాను. పాత దుప్పట్లు మడతపెట్టాను. ఐదో పని, హాల్లో మ్యూజిక్ సిస్టమ్ దుమ్ము దులపడం, సగంలో ఆపేశాను. ఆంప్లిఫయర్ వెనక చెయ్యి తగిలి జివ్వుమంది.

ఈయనకి చెబితే చెప్పులేసుకుని తుడవమన్నారు. ఈయన బాధ వేరు. స్పీకర్లలో ఎప్పుడూ ఉండే ఆ 'మ్మ్' అనే హమ్ము. దాన్ని పోగొట్టడానికని మణికట్టంత లావు పవర్ కార్డు తెప్పించారు. ఇవాళ పెట్టారు. హమ్ము అలాగే ఉంది. కాస్త తగ్గింది కదూ అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదన్నాను.

7 ఫిబ్రవరి
మావయ్యగారు ఇవాళా ఆరింటికే వీణ ముందు కూర్చున్నారు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. పోయినేడు జబ్బు చేశాక మా పేర్లు మరిచిపోయారు, వీణ మరవలేదు. రోజూ సిస్టమ్ ఆన్ చేస్తారు, పాటేమీ పెట్టరు, దానికెదురుగా ముప్పావుగంట వాయిస్తారు. ఆ తర్వాతే ఇడ్లీ తింటారు, నాలుగు మాటలు మాట్లాడతారు. పాట పెట్టడం మరిచిపోతున్నారని ఈయన నవ్వుతారు.

9 ఫిబ్రవరి
నెల్లిమర్ల నుంచి ఎలక్ట్రీషియన్ త్రినాథ్ వచ్చాడు. లావు కార్డు చేతిలోకి తీసుకుని, బాబూ ఇది కార్డా కొండసిలవా అన్నాడు. బంగారం వైరు తెచ్చినా గోడలో ఎర్తే నేకపోతే ఏటి లాభం అన్నాడు. సాకెట్టులో మూడో కన్నం ఉత్తదేనట. ఇల్లు కట్టినప్పటి ఎర్తు తీగ తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయిందట. ఈయన కార్డు డబ్బా మంచం కిందికి తోశారు.

పెరట్లో గొయ్యి తవ్వి కొత్త రాడ్డు దించాడు. మీటరు దగ్గర్నుంచి సిస్టమ్‌కి వేరే లైను, కొత్త సాకెట్టు. నాలుగింటికి ఆన్ చేశాం. హమ్ము లేదు. ధైర్యం చేసి వెనక చెయ్యి పెట్టాను. జివ్వుమనలేదు.

10 ఫిబ్రవరి
మావయ్యగారు వాయించలేదు.

12 ఫిబ్రవరి
మూడో రోజు. సిస్టమ్ ఆన్ చేస్తారు, స్పీకరుకి చెవి ఆనిస్తారు, ఆపుతారు, మళ్లీ వేస్తారు. ఇడ్లీ ముట్టడం లేదు. ఇవాళంతా మజ్జిగ రెండు చెంచాలు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టాలని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. ఈ వయసులో వెళ్తే మళ్లీ ఇంటికి వస్తారా అని ఈయన వంటింట్లోకొచ్చి అడిగారు.

సాయంత్రం మావయ్యగారు నన్ను పిలిచి, శ్రుతెవరు ఆపేసినారమ్మా అన్నారు. మూడు రోజుల్లో అదొక్కటే మాట.

అప్పుడు అర్థమైంది. పాట పెట్టడం మరిచిపోవడం కాదు. ఆ హమ్మునే తంబురా అనుకుంటున్నారు. ఏడాదిగా తీగలు దానికే కలుపుకుంటున్నారు.

13 ఫిబ్రవరి
ఎర్తు తీసెయ్యమని త్రినాథ్‌కి ఫోన్ చేశాను. శ్రుతి కోసం పేనం తీస్తానా అమ్మా, తడిసేత్తో ముట్టుకుంటే ముసిలాయనే పోతాడు, నానొల్లనన్నాడు. వాడిదే రైటు.

పక్కింటి ఝాన్సీ తన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అరువిచ్చింది. మావయ్యగారు అరనిమిషం విన్నారు. ఎవరింట్లోదో పట్టుకొచ్చేసావు, ఇచ్చేసి రా అన్నారు.

14 ఫిబ్రవరి, ఉదయం 7.30
ఇన్నేళ్లు దుమ్ము దులుపుతూ విన్న చప్పుడే కదా అనుకున్నాను. ఆరింటికి తలుపేసి, మావయ్యగారి పక్కన కూర్చుని 'మ్మ్' అన్నాను. సిగ్గేసింది. ఈ ఇంట్లో నేనెప్పుడూ నోరు విప్పి పాడలేదు.

ఆయన స్పీకరు వైపు చూశారు. తర్వాత నా వైపు. వీణ బిరడాలు తిప్పడం మొదలుపెట్టారు. పావుగంట తిప్పారు. నేను ఊపిరి తీసుకుంటే చెయ్యి ఆపి, ఆపకు అన్నారు.

వాయించారు. ఇడ్లీలు రెండు. చట్నీలో ఉప్పెక్కువైందన్నారు.

15 ఫిబ్రవరి
శ్రుతి పట్టడం ముప్పావుగంట. పాలు ఈయన కాచారు. ఝాన్సీ పెట్టె తిరిగిచ్చేశాను. బాకీ చెల్లు.