అద్దంలో సైగ

లైల్ తమ్ముడికి,

అరిజోనాలో మేం చలికాలానికి ఇంటిబండి నిలుపుకునే సొంత జాగా కొనుక్కున్నామని విని సంతోషించావట. నిజమే, ఇక నార్త్ డకోటా మంచులో పారతో కుస్తీ పట్టక్కర్లేదు.

ఒక్క సాయం చెయ్యి. ఎండలు ముదరకముందే వచ్చి, మేం లోపలే కాపురముండే ఈ ఇంటిబండిని ఊరికి తోలిపెట్టు. నాకది నడపడం రాదు. నేను రమ్మన్నానని మాత్రం మీ బావతో అనకు, ఎండ కాచుకోవడానికి వచ్చానని చెప్పు.

బండిని జాగాలో పెట్టేటప్పుడు మీ బావ అద్దంలో చూస్తూ వెనక్కి నడుపుతాడు, నేను వెనక నిలబడి సైగ చేస్తాను. ఇన్నేళ్లలో బండికి ఒక్క గీత పడలేదు. మొన్న బండి జాగా చివరున్న కరెంటు పెట్టె దగ్గరికి రాగానే, ఆగమని రెండు చేతులూ ఎత్తాను. ఆగలేదు. పెట్టె నలిగిపోయింది.

"సొంత జాగా అనేసరికి అన్నయ్యకి కళ్లు నెత్తికెక్కాయి వదినా" అంది పక్క బండి డార్లీన్. నేనూ నవ్వేశాను.

డార్లీన్‌కు అద్దం కనిపించలేదు. నేను చేతులెత్తగానే మీ బావ అద్దంలో నన్ను చూశాడు. ఎవరో కొత్తావిడ పలకరించిందనుకుని, మర్యాదగా టోపీ ఎత్తాడు.

త్వరగా రా.

అక్క