చెక్క మీద మా క్యాంపు

దోహా, ఖతర్
12 జనవరి 1976

ప్రియమైన భూమవ్వకు,

నేను మంచిగున్న. మన రాజి దగ్గు తగ్గిందా?

కంపెనీ నన్ను తలుపుల పని నుంచి తీసి ఒక ఇంగ్లీషామె దగ్గర పెట్టింది. పేరు మ్యూరియెల్ హాస్కెట్. అరవై ఏండ్లుంటయ్. కొత్త ఆఫీసుకు సముద్రం ఒడ్డు బొమ్మ కావాలని పిలిపించిండ్రు. కాయితం మీద గీసి, చెక్క మీద చెక్కి, సిరా పూసి అచ్చు తీస్తది. చిన్నప్పుడు పంతుళ్లు "ఆడపిల్లవు, పూలు గీసుకో" అన్నరట. ఈమె రంగులపెట్టె పట్టుకొని గుట్టలెక్కింది. నలభై ఏండ్లు వానల నిలబడి గుట్టలు, సముద్రాలే గీసిందట.

నేను నిర్మల్ బొమ్మలు చెక్కెటోన్నని తెలిసి ఉలి చేతికిచ్చింది. రెండేండ్లకు నా చెయ్యి నాకు దొరికింది.

నీ జలంధర్

నిర్మల్
3 ఫిబ్రవరి

ప్రియమైన రాజి నాయినకు,

దగ్గు పోయింది. నేను సేటు దుకాణంల బొమ్మలకు రంగులేస్తున్న.

మీ క్యాంపు హన్మాండ్లు సెలవుల వచ్చి చెప్పిండు. ఆ బొమ్మల మీరుండే రేకుల షెడ్లు కూడా ఉన్నయని కంపెనీల లొల్లి అయితుందట. దొరసాని తన దేశం పోతది. నీ కొలువు పోతే ఎట్ల? కంపెనీ చెరపమంటే చెరుపు.

నీ భూమవ్వ

దోహా
1 మార్చి

ప్రియమైన భూమా,

నీ మాట వినలేదు. కోపం చెయ్యకు.

మేనేజర్ వచ్చి సముద్రం, కొత్త మేడలు చాలు, షెడ్లు తీసెయ్యమన్నడు. ఆమె "నాకు కనబడ్డదే చెక్కుత" అన్నది. ఆమె లేనప్పుడు నన్ను పిలిచి, చెక్క గీకే రందా పట్టి షెడ్లున్న మూల చదును చేస్తే ఫోర్‌మన్‌ను చేస్తనన్నడు. రందా చేతికి తీసుకున్న, అబద్ధమెందుకు. కానీ ఆ షెడ్లల్ల మూడోది నాది. రందా పక్కన పెట్టిన.

ఆమె వచ్చినంక అంతా చెప్పి, వచ్చీరాని ఇంగ్లీషుల "షెడ్లున్నయ్, మనుషులు లేరమ్మా" అన్న. ఆమె ఉలి నాకిచ్చింది. షెడ్ల ముందర ఇంకా చెక్కని జాగల పదకొండు మందిని చెక్కిన. నెత్తికి తువ్వాల చుట్టుకున్నోడు నా పక్క మంచం నర్సింలు. అచ్చు తీసి, కింద పెన్సిల్‌తో తన పేరు రాసి, నన్నూ రాయమన్నది. తెలుగుల రాసిన.

కంపెనీ ఆ బొమ్మ తీసుకోలేదు. ఆమెను పంపేసింది. నన్ను జూన్‌ల ఇంటికి పంపుతరు. నాకు బాధ లేదు.

నీ జలంధర్

నిర్మల్
20 మే

ప్రియమైన రాజి నాయినకు,

దొరసాని పంపిన బొమ్మ వచ్చింది. తన దేశంల పెట్టిన ప్రదర్శనల దాన్నే ముందు పెట్టిందట, దాంతో వచ్చిన చిట్టీ పోస్టుమాస్టర్ చదివి చెప్పిండు. నర్సింలు భార్య పోచవ్వ వచ్చి తన మొగన్ని వేలుతో తడిమి గుర్తుపట్టింది.

చెరపమని రాసినందుకు సిగ్గయింది. కొలువు పోయిందని తల దించుకొని రాకు.

పన్నెండేండ్ల సంది రంగులేస్తున్న, ఒక్క బొమ్మ మీద నా పేరు లేదు. నిన్న ఏనుగు బొమ్మ అడుగున భూమవ్వ అని రాసిన. సేటు తుడిచెయ్యమన్నడు. నేను ఇంకో ఏనుగు తీసుకొని దానికి కూడా రాసిన.

నీ భూమవ్వ