కాయకో మాట

రత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీ సమాధికి సున్నం వేసొచ్చి, తోటలో గునపం పాతి కొబ్బరికాయలు ఒలవడం మొదలెట్టాను. ఇటలీలో పనిచేసినన్నాళ్లూ నువ్వు ఫోన్లో నేర్పిన మాటల్ని, కాయకొకటి చొప్పున ఇప్పటికీ పైకే అనుకుంటాను. ఏమో అనడానికి ‘బో’. అలా జరిగితే ఎంత బాగుణ్ణో అనడానికి ‘మగారి’. కాలవ మీద ఎండ మెరుస్తుంటే అవన్నీ నీ గొంతుతోనే వినబడతాయి.

అంతలో వీడియో కాల్ వచ్చింది. అక్కడ నువ్వు కనిపెట్టుకుని ఉన్న మామ్మగారు! “కోమె స్తాయ్ అండీ?” అన్నాను. ఎలా ఉన్నావని చనువుగా అడిగే మాట అది, పెద్దవాళ్లతో అనకన్నావు. నాకొచ్చిన పలకరింపు అదొక్కటే మరి, అందుకే అండీ తగిలించాను. ఆవిడ పకపకా నవ్వేరు.

తర్వాత నా వెనకాల తోటంతా వెతుకుతున్నట్టు చూసి, “తోర్నా, రత్నం?” అన్నారు. తిరిగొస్తుందా అని. నువ్వు పోయిన సంగతి ఆవిడకి నిరుడే చెప్పించేను. మర్చిపోయేరు.

‘బో’ అనబోయి, “మగారి అండీ” అన్నాను.

ఆవిడ మెల్లగా తలూపి, “ఆయ్” అన్నారు.

మన మాట ఆవిడకెప్పుడు నేర్పేవే?